బందరు కోట టూర్: గైడ్‌కి ఐదు స్టార్లు, మిగతాదానికి మూడే

ఆదివారం పొద్దున్నే విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర వ్యాన్ ఎక్కించుకుని, బందరు తీసుకెళ్ళి, కోట, డచ్చి వాళ్ళ సమాధులు నడిపించి చూపించే టూర్ ఇది. మనిషికి 1,200. గోల్కొండలా ఏదో ఉంటుందనుకుంటే నిరాశే. మిగిలింది పాత గంటల గోపురం, ఆయుధాగారం, పెచ్చులూడిన గోడలు, అంతే. మనంతట మనం వెళ్తే నాలుగు ఫోటోలు తీసుకుని పావుగంటలో తిరిగొచ్చేస్తాం. కాబట్టి మనం డబ్బు కట్టేది గైడ్ చెప్పే కథకే.

ఆ కుర్రాడు మాత్రం అదరగొట్టాడు. 1759 ఏప్రిల్‌లో కోట ఫ్రెంచి వాళ్ళది, ముట్టడి వేసింది ఇంగ్లీషు కల్నల్ ఫోర్డ్. ఆయన దగ్గర మందుగుండు అయిపోవస్తోంది, చేతిలో డబ్బుల్లేవు, ఇంకోపక్క ఫ్రెంచి వాళ్ళకి సాయంగా నిజాం సలాబత్ జంగ్ సైన్యంతో వస్తున్నాడు, పైగా లోపలున్న ఫ్రెంచి దళమే వీళ్ళకంటే పెద్దది. దాంతో ఓ రాత్రి కొంతమందిని బురదలోంచి పంపి అటువైపు గోల చేయించి, అసలు దళం ఇంకోవైపు నుంచి లోపలికి దూరింది. ఇదంతా వాడు ఆఫీసులో ఎదురుగా కూర్చోబెట్టి చెప్పలేదు, ఎండలో ఒక్కో చోట నిలబెట్టి, ఇటు బురద, అటు దారి అని చూపిస్తూ చెప్పాడు. మాతో వచ్చిన ఓ రిటైర్డ్ మాస్టారు "మనవాళ్ళెవరూ లేరా బాబూ ఇందులో?" అన్నారు. "ఎందుకు లేరు మాస్టారూ, విజయనగరం రాజా ఆనందరాజు మనుషులు ఇంగ్లీషు వాళ్ళ తరఫునే ఉన్నారు" అన్నాడు. ఆయన మొహం చూడాలి!

కోట పడగానే సలాబత్ జంగ్ బందరునీ చుట్టుపక్కల సీమనీ ఇంగ్లీషు వాళ్ళకే రాసిచ్చాడట. అంత కష్టపడి పట్టుకున్న ఊరిని 1864 నవంబరు ఉప్పెన ముంచేసింది, దాదాపు 30,000 మంది పోయారు. అది చెప్పేటప్పుడు మాత్రం వాడు జోకులు ఆపేశాడు.

ఇక తిట్లు. లడ్డూ కొట్టు దగ్గర ముప్పావుగంట ఆపారు (కమీషన్ ఉందేమో మరి), దాంతో డచ్చి సమాధుల దగ్గర పరుగే. పదిహేడో శతాబ్దపు రాళ్ళు, వాటి మీద వంశచిహ్నాలు, ఉబ్బెత్తుగా చెక్కిన అక్షరాలు, అలాంటి చోట పది నిమిషాలేంటండీ? లడ్డూలు ఎక్కడికీ పోవు కదా. వ్యాన్‌లో ఏసీ పేరుకే, మంచినీళ్ళు ఇవ్వలేదు, కోట దగ్గర నీడ లేదు. పెద్దవాళ్ళని తీసుకెళ్తే గొడుగు తప్పనిసరి. డిసెంబరు, జనవరిలో బుక్ చేసుకోండి, ఎక్కే ముందే సమాధుల దగ్గర కనీసం అరగంట కావాలని గట్టిగా అడగండి.