ఏడో బెడ్డు తాలూకు

గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి, మూడో అంతస్తు ఐసీయూ. పేరు రాయను. 5కి 3 స్టార్లు. మూడూ సిస్టర్లకే.

జనవరిలో నాన్నకి న్యుమోనియా. 71 ఏళ్లు. తెనాలి నుంచి తీసుకొచ్చేసరికి ఆక్సిజన్ 82, నిమిషానికి 34 సార్లు ఊపిరి. నన్ను పట్టుకుని వాళ్లక్క పేరుతో పిలిచారు. క్యాజువాల్టీ డాక్టరుగారు న్యుమోనియా ఎంత ముదిరిందో చూడ్డానికి కర్బ్-65 అని ఓ లెక్క వేశారు. తికమక, రక్తంలో యూరియా, ఊపిరి వేగం, బీపీ, 65 నిండిన వయసు, ఒక్కోదానికి ఒక మార్కు. నాన్నకి 4 వచ్చాయి. "ఈ పరీక్షలో తక్కువొస్తేనే మంచిదమ్మా" అన్నారు. ఏ క్రిమో తేల్చే కల్చర్ పరీక్షకి రక్తం తీశారు, రిపోర్టు కోసం ఆగకుండా గంటలోపే యాంటీబయాటిక్ ఎక్కించారు. అందుకు మాత్రం దణ్ణం.

ఆరు రోజులు వెంటిలేటరు మీద ఉన్నారు. కింది హాల్లో ఆ మిషను బొమ్మతో ఫ్లెక్సీ వేసుకున్నారు గానీ, నేను చూసింది వేరు. రాత్రి డ్యూటీ మారాక పది నిమిషాలు లోపలికి పంపేవాళ్లు. ఎప్పుడెళ్లినా మంచం తలవైపు ఎత్తుగానే ఉండేది, 30 డిగ్రీలకి తగ్గకుండా. నోట్లో ఊరింది ఊపిరితిత్తుల్లోకి జారితే మళ్లీ కొత్త న్యుమోనియా అట. శ్రీకాకుళం సిస్టరొకామె నోరు తుడుస్తూ, కఫం లాగుతూ, "తాతగారూ, కళ్లు తెరవండి" అంటూనే ఉండేది. పొద్దున్నే మత్తు తగ్గించి, సొంతంగా ఊపిరి తీస్తారేమో చూసేవాళ్లట. ఐదో రోజు నాన్న నా వేలు నొక్కారు.

పోయిన రెండు స్టార్ల సంగతి. డాక్టరు రోజుకోసారి నిలబడే "క్రిటికల్ అండి, 48 గంటలు దాటాలి" అనేవారు. ఆ 48 గంటలు నాలుగు రోజులైనా అవలేదు. ఇక గుమ్మం దగ్గర సెక్యూరిటీ "ఏడో బెడ్డు తాలూకు ఎవరు?" అని కేక. అర్ధరాత్రి చెప్పుల్లేకుండా పరిగెత్తితే చేతిలో మందుల చీటీ పెట్టేవాడు. మూడో బెడ్డు వాళ్లని చివరిసారి పిలిచిందీ అలాగే, మమ్మల్ని గ్లవుజుల పెట్టె కోసం పిలిచిందీ అలాగే. వాడని ఇంజెక్షన్లు వెనక్కిస్తే డబ్బుల కోసం మూడు కౌంటర్లు తిప్పారు. న్యుమోనియా టీకా మాట డిశ్చార్జిలో ఎవరూ ఎత్తలేదు, తెనాలిలో మా డాక్టరే చెప్పారు.

ఇప్పటికీ నాన్న మెట్లెక్కితే మధ్యలో ఆగుతారు. ఐసీయూ గురించి అడిగితే, ఏసీ గాలి తిన్నగా మొహం మీద కొట్టేదంటారు, ఇంకేమీ గుర్తులేదు. అదీ రాయమన్నారు. రాశాను.