లెంపికా, స్యూరా: రంగస్థలం మీద ఇద్దరు చిత్రకారులు

చిత్రకారుల మీద వచ్చిన మ్యూజికల్స్‌లో (పాటలతో నడిచే నాటకాల్లో) ఒక్కటే చూసే వీలుంటే నేను 'సండే ఇన్ ద పార్క్ విత్ జార్జ్' (1984) వైపే మొగ్గుతాను. మొదటి అంకం చివర్లో, అప్పటిదాకా గొడవపడుతున్న మనుషుల్ని జార్జ్, అంటే ఫ్రెంచ్ చిత్రకారుడు జార్జ్ స్యూరా, ఒక్కొక్కరినీ వాళ్ల వాళ్ల చోట నిలబెడతాడు. పాట ముగిసేసరికి స్యూరా బొమ్మ మన కళ్లముందు ఉంటుంది. బొమ్మ గీయడమే అక్కడ అసలు కథ.

మరో మ్యూజికల్ 'లెంపికా'లో చిత్రకారిణి జీవితమే కథ: రష్యా విప్లవం, పారిస్, ప్రేమలు, చివరికి 1975లో లాస్ ఏంజెలెస్‌లో ఎవరూ గుర్తుపట్టని ముసలావిడ. 1920లలో ఒక వెలుగు వెలిగిన తమరా ద లెంపికాకు ఇది దక్కాల్సిన గౌరవమే. న్యూయార్క్‌లోని పెద్ద నాటకశాలల ప్రాంతం బ్రాడ్వేలో ఈ మ్యూజికల్ 2024 ఏప్రిల్‌లో ప్రారంభమై మే నెలలోనే ఆగిపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది. రంగుల కన్నా గొంతులోని బలం కావాలనుకుంటే మాత్రం లెంపికా పాత్ర వేసిన ఈడెన్ ఎస్పినోసా పాడిన పాటలు ముందు వినండి.