ఐబీ డిప్లొమా: చదువు మంచిదే, చదివించేవాళ్లను చూసి చేర్చండి

పదో తరగతి అయ్యాక ఇంటర్మీడియట్‌లో చేర్చాలా, ఐబీ (ఇంటర్నేషనల్ బకలారియేట్) డిప్లొమాలో చేర్చాలా అన్న చర్చ హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో నడుస్తోంది. ఈ సమీక్ష ఏదో ఒక స్కూల్ గురించి రాసింది కాదు, ఆ రెండేళ్ల కోర్సు గురించి రాసింది. అవే సబ్జెక్టులు, అదే ప్రశ్నపత్రం. అయినా ఒక స్కూల్లో పిల్లలు దాన్ని ఇష్టంగా చదువుతారు, ఇంకో స్కూల్లో రెండో ఏడాది డిసెంబరు వచ్చేసరికి నిద్ర చాలక నీరసించిపోతారు. ఏ పని ఏ నెలలో చేయిస్తున్నారు, పిల్లలు రాసింది ఎవరు చదివి దిద్దుతున్నారు అన్న రెండు విషయాల్లోనే తేడా అంతా వస్తుంది.

ముందు పేరు సంగతి. బోర్డు మీద "ఇంటర్నేషనల్" అని ఉన్నంత మాత్రాన లోపల ఐబీ ఉన్నట్టు కాదు. ఆ మాట పెట్టుకున్న సీబీఎస్‌ఈ స్కూళ్లు ఊరూరా ఉన్నాయి. ఐబీ 1968లో జెనీవాలో మొదలైన సంస్థ. అనుమతి ఉన్న స్కూళ్ల జాబితా దాని వెబ్‌సైట్‌లోనే ఉంటుంది, స్కూల్ పేరు కొడితే ఏ ప్రోగ్రాంకి అనుమతి ఉందో కనిపిస్తుంది. చిన్న పిల్లల పీవైపీకి అనుమతి ఉంటే డిప్లొమాకీ ఉన్నట్టని అనుకోకండి, దేనికది విడిగా తీసుకోవాలి. "కాండిడేట్ స్కూల్" అని కనిపిస్తే ఇంకా అనుమతి రాలేదని అర్థం.

కోర్సులో ఆరు సబ్జెక్టులుంటాయి. మూడు హయ్యర్ లెవెల్‌లో, మూడు స్టాండర్డ్ లెవెల్‌లో తీసుకోవడం మామూలు పద్ధతి. ఒక్కో సబ్జెక్టుకి 7 పాయింట్లు, అంటే మొత్తం 42. టీఓకే (థియరీ ఆఫ్ నాలెడ్జ్) అనే జ్ఞాన సిద్ధాంతం కోర్సు, ఎక్స్‌టెండెడ్ ఎస్సే అనే పెద్ద పరిశోధనా వ్యాసం కలిపి ఇంకో 3. అన్నీ కలిపి 45. డిప్లొమా రావాలంటే కనీసం 24 రావాలి, హయ్యర్ లెవెల్ సబ్జెక్టుల్లో 12కి తగ్గకూడదు, టీఓకేలోగానీ ఎస్సేలోగానీ అన్నిటికంటే కిందిదైన 'E' గ్రేడు రాకూడదు, క్యాస్ అనే మార్కుల్లేని కార్యక్రమం పూర్తి చేసి ఉండాలి. ప్రపంచవ్యాప్తంగా సగటు 30 దగ్గర ఉంటుంది. కాబట్టి మీ పిల్లవాడికి 33 వస్తే బంధువుల ముందు చిన్నబోవాల్సిన పనేం లేదు. ఇంటర్‌లో 980 వచ్చినవాళ్లతో పోల్చి చూడటం సరికాదు, రెండూ వేరే కొలతలు.

హయ్యర్ లెవెల్‌కి 240 గంటలు, స్టాండర్డ్ లెవెల్‌కి 150 గంటలు బోధించాలని ఐబీ చెబుతుంది. అడ్మిషన్‌కి వెళ్లినప్పుడు టైమ్‌టేబుల్ చూపించమని అడిగి, అక్కడే లెక్క వేయండి. 40 నిమిషాల పీరియడ్లు వారానికి ఆరు ఉంటే నాలుగు గంటలు. రెండేళ్లలో నికరంగా పాఠం జరిగేది 60 వారాలనుకుంటే సరిగ్గా 240 గంటలు. అవే పీరియడ్లు ఐదుంటే 200 దగ్గరే ఆగిపోతుంది. ఆ తగ్గిన 40 గంటల్ని తర్వాత శనివారాల్లోనో, ట్యూషన్‌లోనో పిల్లలే పూడ్చుకోవాలి.

ఈ కోర్సులో మాకు అన్నిటికంటే నచ్చేది ఇంటర్నల్ అసెస్‌మెంట్. పిల్లలు దీన్ని ఐఏ అంటారు. చాలా సబ్జెక్టుల్లో 20 శాతం మార్కులు, కొన్నిటిలో అంతకన్నా ఎక్కువ, దీనికే. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో ప్రయోగం ముందే తెలిసి ఉంటుంది, రికార్డు పుస్తకం చూసి చేస్తారు. ఇక్కడ ప్రశ్నే విద్యార్థి వేసుకోవాలి. ఫిజిక్స్ ఐఏ 3000 పదాలకు మించకూడదు, మార్కులు 24. ప్రయోగ రూపకల్పన, డేటా విశ్లేషణ, నిర్ధారణ, మూల్యాంకనం, ఒక్కోదానికి 6.

ఒక ఉదాహరణ చూడండి. వేడి పెరిగేకొద్దీ ఆముదం స్నిగ్ధత, అంటే జిగట, ఎలా తగ్గుతుందన్నది ప్రశ్న అనుకుందాం. పొడవాటి కొలజాడీలో ఆముదం పోసి, 2 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఉక్కు గోళీ వదిలి, 20 సెంటీమీటర్ల దూరంలో ఉన్న రెండు గీతల మధ్య పట్టిన సమయం కొలవాలి. 20 నుంచి 60 డిగ్రీల వరకు ఐదు ఉష్ణోగ్రతలు, ఒక్కోదానికి ఐదుసార్లు. వినడానికి తేలిక. చేస్తే తెలుస్తుంది. 20 డిగ్రీల దగ్గర గోళీ పది సెకన్లకు పైగా తీసుకుంటుంది. 60 డిగ్రీల దగ్గర సెకను, సెకనున్నరలో దిగిపోతుంది. చేత్తో స్టాప్‌వాచ్ నొక్కితే ఐదో వంతు సెకను తప్పు ఎలాగూ వస్తుంది. పది సెకన్లలో ఆ తప్పు లెక్కలోకి రాదు, ఒక్క సెకనులో అదే ఇరవై శాతం. పైగా ఐదుసార్లు వదిలేలోపు నూనె చల్లారిపోతుంది, జాడీ పైన ఒక వేడి, అడుగున ఒక వేడి. మంచి టీచర్ ఈ తప్పుల్ని ముందే చెప్పేయరు. మొదటి రీడింగులు చూసి "60 దగ్గర నీ ఎర్రర్ బార్ ఎంత?" అని అడుగుతారు. పిల్లవాడు వెనక్కి వెళ్లి ఫోన్‌లో వీడియో తీసి ఫ్రేములు లెక్కపెట్టుకుంటాడు, జాడీని వేడినీళ్ల తొట్టిలో ఉంచుతాడు. మార్కులు వచ్చేది అక్కడే. గ్రాఫు నున్నగా వచ్చినంత మాత్రాన ఎవరూ 24కి 20 వేయరు.

చెడిపోయే దారులు కూడా ఇక్కడే ఉన్నాయి. ఐఏ పూర్తి డ్రాఫ్టు మీద టీచర్ ఒక్కసారే వ్యాఖ్యలు రాయొచ్చన్నది ఐబీ నియమం. ఆ ఒక్క అవకాశాన్ని "గుడ్, ఇంప్రూవ్ ఎవాల్యుయేషన్" అని రెండు మాటల్లో ఖర్చు చేసే స్కూల్లో పిల్లలు నష్టపోతారు. అందుకే, పోయినేడాది ఐఏ ఒకటి పేరు తీసేసి, టీచర్ వ్యాఖ్యలతో సహా చూపించమని అడగండి. వ్యాఖ్యలు పేజీ అంచుల నిండా ప్రశ్నల రూపంలో ఉంటే ఆ డిపార్ట్‌మెంట్ పని చేస్తోందని అర్థం.

ఇంకోటి. ఐఏకి స్కూల్ టీచరే మార్కులు వేస్తారు, కానీ ఐబీ కొన్ని నమూనాలు తెప్పించుకుని మళ్లీ చూస్తుంది. టీచర్ ఉదారంగా వేశారని తేలితే ఆ సబ్జెక్టులో స్కూల్ పిల్లలందరి మార్కులూ దిగుతాయి. "మా టీచర్ బాగా వేస్తారు" అన్నది సంతోషపడాల్సిన మాట కాదు. పరీక్షలకు ముందే టీచర్ అంచనాగా వేసిన ప్రిడిక్టెడ్ గ్రేడ్లకీ చివరికి వచ్చిన గ్రేడ్లకీ గత మూడేళ్లలో ఎంత తేడా ఉందో అడగండి. చెప్పడానికి ఇష్టపడని స్కూల్ విషయంలో జాగ్రత్తగా ఉండండి.

నగరంలో ఐఏలు, ఎస్సేలు రాసిపెడతామనే ట్యూషన్ సెంటర్లున్నాయి. వాటి గడప తొక్కకండి. పని విద్యార్థిదేనని స్కూల్ ధ్రువీకరించాలి. దొరికితే ఆ సబ్జెక్టులో గ్రేడు రాదు, గ్రేడు రాకపోతే డిప్లొమా రాదు. కృత్రిమ మేధ సాధనాలను ఐబీ నిషేధించలేదు. కానీ వాడినచోట వాడినట్టు ఉటంకించాలి, అది రాసింది తన సొంతమని చూపకూడదు.

ఎక్స్‌టెండెడ్ ఎస్సే 4000 పదాలు. గైడు టీచర్ మొత్తం మీద ఇచ్చేది మూడు నుంచి ఐదు గంటల సమయం, అందులో మూడు ముఖాముఖి సమావేశాలు తప్పనిసరి. ఎక్కువమంది దెబ్బతినేది అంశం దగ్గరే. "భారతదేశంలో ప్రజా రవాణా" అంటే 4000 పదాలు ఏ మూలకీ సరిపోవు. "మెట్రో ఛార్జీలు పెరిగాక అమీర్‌పేట స్టేషన్ దగ్గర షేర్ ఆటోల గిరాకీ ఎలా మారింది" అంటే ఎకనామిక్స్‌లో డిమాండ్ సిద్ధాంతంతో కట్టిపడేయొచ్చు, డేటా కూడా స్వయంగా సేకరించొచ్చు. ఒక్కో టీచర్‌కి ఎన్ని ఎస్సేలు అప్పగిస్తారో అడగండి. నాలుగైదు దాటితే శ్రద్ధ పలచబడుతుంది.

టీఓకే గురించి తల్లిదండ్రులు అనవసరంగా భయపడతారు. 1600 పదాల వ్యాసం ఒకటి, మూడు వస్తువులతో 950 పదాల ఎగ్జిబిషన్ ఒకటి. ఎగ్జిబిషన్‌లో వస్తువు నిర్దిష్టంగా ఉండాలి. "ఏది జ్ఞానంగా లెక్కకు వస్తుంది?" అన్న ప్రశ్నకి ఇంటర్నెట్ నుంచి దింపిన పంచాంగం బొమ్మ పెడితే మార్కులు పోతాయి. వంటగది గోడకి మేకుకి వేలాడే పంచాంగం, దాంట్లో అమ్మమ్మ పెన్సిల్‌తో గీసిన వర్జ్యం గుర్తులు, ఎవరి పెళ్లి ముహూర్తమో రాసిన మూల, ఇలాంటిది పెడితే చెప్పడానికి విషయం ఉంటుంది: ఆ జ్ఞానాన్ని ఎవరు నమ్ముతున్నారు, దేని ఆధారంగా, అదే కాగితం మీదున్న గ్రహణం లెక్కతో దానికి పోలిక ఎక్కడ, తేడా ఎక్కడ.

క్యాస్ అంటే సృజన, శారీరక శ్రమ, సేవ. దాదాపు 18 నెలలు సాగాలి. దీనికి మార్కులు లేవు, కానీ చేయకపోతే డిప్లొమా లేదు. సర్టిఫికెట్లు పోగేయడానికి ఆదివారాలు తిరగడం దండగ.

ఇంటర్ అలవాటుతో వచ్చినవాళ్లు బోల్తా పడేది ప్రశ్నలోని క్రియాపదం దగ్గర. ఫిజిక్స్‌కి డేటా బుక్‌లెట్, గణితానికి ఫార్ములా బుక్‌లెట్ పరీక్ష హాల్లోనే ఇస్తారు. కంఠతా పట్టి ప్రయోజనం తక్కువ. "చర్చించండి" అన్నచోట ఒక పక్షమే రాసినా, "మూల్యాంకనం చేయండి" అన్నచోట తీర్పు చెప్పకుండా వివరించి ఊరుకున్నా, రాసింది అంతా నిజమే అయినా మార్కులు సగంలో ఆగిపోతాయి. మొదటి మూడు నెలలు దీన్ని కూర్చోబెట్టి నేర్పే స్కూల్ మంచి స్కూల్.

ఇక సబ్జెక్టుల ఎంపిక. ఇక్కడ చేసిన పొరపాటు రెండేళ్ల తర్వాతగానీ బయటపడదు. గణితంలో అనాలిసిస్ అండ్ అప్రోచెస్, అప్లికేషన్స్ అండ్ ఇంటర్‌ప్రెటేషన్ అని రెండు కోర్సులున్నాయి. ఇంజినీరింగ్ ఆలోచన ఉంటే మొదటిదాన్నే హయ్యర్ లెవెల్‌లో తీసుకోవడం క్షేమం. ఫిజిక్స్, కెమిస్ట్రీ రెండూ దాంతో పాటు మామూలు నియమాల్లోనే ఇముడుతాయి. మెడిసిన్ సంగతి వేరు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ కావాలంటే రెండు భాషలు, గణితం పోను సోషల్ సైన్స్‌కి చోటు మిగలదు. దానికి నాన్ రెగ్యులర్ డిప్లొమా అని ప్రత్యేక అనుమతి ఉంది, స్కూల్ కోఆర్డినేటర్ ద్వారా ముందే తెచ్చుకోవాలి. "తర్వాత చూద్దాం" అంటే ఒప్పుకోకండి.

నీట్, జేఈఈ రాయించాలనుకునేవాళ్లు క్యాలెండర్ పక్కన పెట్టుకుని చూడాలి. ఐబీ పరీక్షలు ఏప్రిల్ చివర మొదలై మే మూడో వారం దాకా సాగుతాయి. నీట్ ఇటీవలి ఏళ్లలో మే మొదటి ఆదివారం పడుతోంది, జేఈఈ మెయిన్ రెండో విడత ఏప్రిల్‌లో. సాయంత్రం కోచింగ్‌కి పంపుతూ ఐబీ చదివించడం మేం సిఫార్సు చేయం. రెండింటికీ న్యాయం జరగదు, మొదట బలయ్యేది ఐఏలే. ఐఐటీయే లక్ష్యమైతే ఇంటర్ లేదా సీబీఎస్‌ఈ నేరుగా ఆ దారిలో వెళతాయి. లెక్కలు, ఫిజిక్స్ తప్ప ఇంకేదీ పట్టని పిల్లలకి మూడు నాలుగు సబ్జెక్టులతో సరిపెట్టే కేంబ్రిడ్జ్ ఏ లెవెల్ మేలు. అన్ని దిక్కులా చదివే, రాయడానికి వెనకాడని పిల్లలకి ఐబీని మించింది మాకు కనిపించలేదు.

తెలుగు గురించి ఒక మాట. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం పదో తరగతి దాకా అన్ని స్కూళ్లలో తెలుగు తప్పనిసరి. డిప్లొమా స్థాయికి వచ్చేసరికి చాలామంది ఫ్రెంచ్‌కో స్పానిష్‌కో మారిపోతారు. స్కూల్లో బోధించని మాతృభాష సాహిత్యాన్ని స్టాండర్డ్ లెవెల్‌లో స్వయంగా చదువుకునే మార్గం ఐబీలో ఉంది. తెలుగు మీద ప్రేమ ఉన్న పిల్లలుంటే తెలుగుకి వీలవుతుందేమో కోఆర్డినేటర్‌ని మొదటి నెలలోనే అడగండి. ఇంగ్లిష్‌తో పాటు అలా రెండో భాషని సాహిత్య స్థాయిలో పూర్తి చేసి రెండింట్లోనూ కనీసం 3 తెచ్చుకుంటే బైలింగ్వల్ డిప్లొమా వస్తుంది.

ఖర్చు ఏడాదికి లక్షల్లో ఉంటుంది. పరీక్ష ఫీజు ట్యూషన్ ఫీజులో కలిసి ఉందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి. గ్రాఫింగ్ కాలిక్యులేటర్ వేరుగా కొనాలి. మొదటి నెలలోనే కొని దాంతోనే లెక్కలు చేయాలి, పరీక్ష ముందు వారం కొంటే మీటలు వెతుక్కోవడంతోనే టైమ్ అయిపోతుంది.

ఫలితాలు జూలై మొదటి వారంలో వస్తాయి. అప్పటికి ఇక్కడి కౌన్సెలింగ్‌లు కొన్ని మొదలైపోతాయి. భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం ఐబీ డిప్లొమాని ప్లస్ టూతో సమానంగా గుర్తిస్తుంది, దాని సమానత్వ ధ్రువపత్రానికి కావాల్సిన కాగితాలు జూన్‌లోనే సిద్ధం చేసి ఉంచుకోండి. మార్కులు తక్కువ అనిపిస్తే రీమార్కింగ్ అడగొచ్చు, కానీ గ్రేడు పెరగడమే కాదు తగ్గే వీలు కూడా ఉంది కాబట్టి, పై గ్రేడుకి ఒకటి రెండు మార్కుల దూరంలో ఉన్న పేపర్లకే ఆ డబ్బు కట్టండి.