జిమ్ థార్ప్: పేరు మార్చుకొని నిలిచిన ఒక బరో

న్యూజెర్సీలోని ఎడిసన్ పరిసరాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్టోబరు రాగానే రంగు మారిన ఆకులను చూడటానికి పెన్సిల్వేనియాలోని పోకోనో కొండల వైపు బయలుదేరుతాయి. మేము కూడా రెండేళ్ల కిందట ఒక శనివారం జిమ్ థార్ప్ అనే ఊరికి వెళ్లి, కారు నిలపడానికి చోటు దొరకక గంటసేపు తిరిగి, రైలు ఒకటి ఎక్కి దిగి, చీకటి పడకముందే ఇంటికి వచ్చేశాము. ఊరిని చూశామన్న తృప్తి అప్పుడు కలగలేదు. అందువల్ల ఈసారి మా అమ్మగారిని వెంటబెట్టుకొని గురువారమే వెళ్లి, రెండు రాత్రులు అక్కడే ఉండి, శనివారం మధ్యాహ్నం రద్దీ పెరుగుతుండగా తిరుగు ప్రయాణమయ్యాము. ఎడిసన్ నుంచి కారులో దాదాపు రెండు గంటలు పడుతుంది.

పెన్సిల్వేనియాలో నగరానికి తక్కువగా, టౌన్‌షిప్ అనే మరో రకం స్థానిక పాలనా ప్రాంతానికి భిన్నంగా, సొంత కౌన్సిల్, మేయరు ఉన్న చిన్న పట్టణాన్ని బరో అంటారు. ఆ రాష్ట్రంలో ఇటువంటివి 900కు పైగా ఉన్నాయి. జిమ్ థార్ప్ కార్బన్ కౌంటీకి (మన జిల్లా వంటిది) ముఖ్యపట్టణం. కౌంటీ పేరులోనే బొగ్గు ఉంది. ఊరు పుట్టింది కూడా బొగ్గు వల్లనే. 1791లో సమీపంలోని సమ్మిట్ హిల్ వద్ద ఆంత్రసైట్ అనే గట్టి బొగ్గు బయటపడింది. దానిని లీహై నది మీదుగా ఫిలడెల్ఫియాకు చేర్చడానికి జోసయా వైట్, ఎర్స్కిన్ హజార్డ్ అనే ఇద్దరు వ్యాపారులు 1818లో ఈ లోయలో ఊరు వేశారు. అప్పటి పేరు మాక్ చంక్. లెనాపీ ఆదివాసుల భాషలో ఎలుగుబంట్ల చోటు అని దానికి అర్థం చెబుతారు. 1827లో సమ్మిట్ హిల్ నుంచి ఇక్కడికి తొమ్మిది మైళ్ల పట్టాలు వేసి, వాలు బలంతోనే బొగ్గు బండ్లను కిందికి దొర్లించేవారు. ఖాళీ బండ్లను పైకి లాగవలసిన కంచర గాడిదలు కూడా దిగేటప్పుడు ఒక బండిలో నిలబడి ప్రయాణం చేసేవట. బొగ్గు రవాణా ఆగిన తరువాత అదే దారి 1933 వరకు సరదా ప్రయాణికులను తిప్పింది. ఈనాడు అది నడక దారి. తొలి రెండు మైళ్లు నడిస్తే చాలు, కొండ ఎంత వాలుగా ఉందో కాళ్లకే తెలుస్తుంది.

ఇళ్లకు బొగ్గు బదులు చమురు, గ్యాసు వచ్చాక ఊరు కుంగిపోయింది. 1960 జనగణనలో 5,945 మంది ఉండగా 1980లో 5,263, 2000లో 4,804, 2020లో 4,507 మంది మిగిలారు. ఒక్క దశాబ్దంలో కూడా సంఖ్య పెరగలేదు. అయినా అక్టోబరు శనివారం నాడు బ్రాడ్‌వే వీధిలో భుజం తగలకుండా నడవలేము. ఊరివారు తగ్గుతూ, చూడవచ్చేవారు పెరుగుతూ ఉండటమే ఈ బరోలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన సంగతి.

చూడవలసిన వాటిలో ఏసా ప్యాకర్ భవనాన్ని, పాత జైలును ఒకే యాత్రలో చూడాలని నా గట్టి అభిప్రాయం. లీహై వ్యాలీ రైల్‌రోడ్‌ను నడిపించి, 1865లో లీహై విశ్వవిద్యాలయాన్ని స్థాపించిన ప్యాకర్ 1861లో కొండవాలుపై ఈ భవనం కట్టించాడు. ఆయన కుమార్తె దానిని సామానుతో సహా ఊరికి రాసిచ్చినందువల్ల కుర్చీలు, దీపాలు, గిన్నెలు ఆ కుటుంబం వాడినవే. మార్గదర్శకుడు ఓపికగా వివరించాడు గాని మెట్లు ఎక్కువ కావడం వల్ల మా అమ్మగారు కింది అంతస్తుతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది. మోకాళ్ల నొప్పులున్న పెద్దలను తీసుకువెళ్లేవారు ఈ విషయం ముందే ఆలోచించుకోవాలి.

జైలు బ్రాడ్‌వే ఎగువన ఉంది. గని పర్యవేక్షకులను హత్య చేశారన్న అభియోగంపై మాలీ మగ్వైర్లు అని పిలిచిన ఐరిష్ కార్మికులలో నలుగురిని 1877 జూన్ 21న ఇక్కడ ఒకేసారి ఉరితీశారు. ఈ ప్రాంగణంలో ఉరికంబం ఎక్కిన మాలీ మగ్వైర్లు మొత్తం ఏడుగురు. వారిపై ఆరా తీసింది ఒక రైల్వే, బొగ్గు కంపెనీ అధినేత డబ్బిచ్చి పెట్టుకున్న పింకర్టన్ డిటెక్టివ్ సంస్థ; పట్టుకున్నది కంపెనీల సొంత పోలీసులు. ప్రభుత్వం సమకూర్చింది న్యాయస్థానాన్ని, ఉరితాడును మాత్రమే అనిపించింది. నిరపరాధినని చెప్పి ఒక ఖైదీ గోడకు అద్దిన చేతి ముద్ర ఎన్నిసార్లు తుడిచినా పోలేదని పదిహేడో గదిని చూపిస్తారు. ఆ కథను నమ్మాలా వద్దా అన్నది నాకు ముఖ్యం అనిపించలేదు; నూట నలభై ఏళ్లకు పైగా ఊరు దానిని మరవకపోవడమే నన్ను కదిలించింది. ఈ జైలులో 1995 వరకు ఖైదీలు ఉన్నారు. శరత్కాలంలో వారాంతాల్లోనే తెరుస్తున్నందువల్ల మేము శనివారం తలుపు తీయగానే వెళ్లాము.

రైలు గురించి క్లుప్తంగా చెబుతాను. లీహై గార్జ్ సీనిక్ రైల్వే నది వెంట రానుపోను 16 మైళ్లు తిప్పుతుంది. గంటకు కొంచెం ఎక్కువ సమయం పడుతుంది. ఖరీదైన అద్దాల పైకప్పు పెట్టె కన్నా తెరిచి ఉన్న పెట్టెలోనే నది చల్లదనం, కొండల దగ్గరితనం బాగా తెలిశాయి. స్వెట్టరు తప్పనిసరి.

బస విషయంలో రెండు రకాల అనుభవం కలిగింది. మొదటి రాత్రి పాత ఇంటిని మార్చిన ఒక అతిథి గృహంలో ఉన్నాము. గది అందంగానే ఉంది గాని లిఫ్టు లేదు, అర్ధరాత్రి గూడ్సు రైలు కూతకు నిద్ర చెదిరింది, బుకింగ్ సమయంలో చెప్పని పార్కింగ్ రుసుము ఉదయం చేతికిచ్చారు. రెండవ రాత్రి నదికి అవతల, ఊరివారు నివసించే తూర్పు వైపున ఒక ఇంటిలో గది తీసుకున్నాము. అద్దె తక్కువ, వీధి ప్రశాంతం, కారు గుమ్మం ముందే నిలిచింది. పెద్దలతో వెళ్లేవారికి అదే మేలు. శాకాహారులు భయపడనవసరం లేదు. గనులలో పనికి తూర్పు ఐరోపా నుంచి వచ్చినవారు తెచ్చిన పియరోగీ అనే వంటకం దాదాపు అన్నిచోట్లా దొరుకుతుంది. కజ్జికాయలా మడిచిన పిండిలో బంగాళాదుంప, చీజ్ పెట్టి ఉడికిస్తారు. మాంసం ముక్కలు చల్లవద్దని ముందే చెప్పాలి. అమ్మగారు మాత్రం వెంట తెచ్చుకున్న నిమ్మకాయ పచ్చడితో తిన్నారు.

శుక్రవారం మధ్యాహ్నం గంట దూరంలోని సెంట్రాలియా బరోకు కూడా వెళ్లాము. 1962లో చెత్తకుప్పకు అంటుకున్న మంట భూమిలోని బొగ్గు పొరలకు పాకి నేటికీ ఆరలేదు. 1980లో వెయ్యిమందికి పైగా ఉన్న ఊరిలో 2020 నాటికి అయిదుగురే లెక్కకు వచ్చారు. అక్కడ హోటలు లేదు, దుకాణం లేదు. ఇళ్లు లేని వీధులు, శ్మశానాలు, కొండమీద ఒక తెల్లని ఉక్రేనియన్ చర్చి ఉన్నాయి. వేడుకగా చూడటానికి వెళ్లకూడని చోటు అది.

తిరిగి వస్తూ తూర్పు వైపున రోడ్డు పక్కనే ఉన్న జిమ్ థార్ప్ సమాధి దగ్గర ఆగాము. శాక్ అండ్ ఫాక్స్ తెగకు చెందిన ఆయన 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణాలు గెలిచాడు. మరుసటి ఏడాది వాటిని లాగేసుకున్నారు. ఏకైక విజేతగా ఆయన పేరును పూర్తిగా పునరుద్ధరించింది 2022లోనే. ఆయనకు జీవించి ఉండగా ఈ ఊరితో సంబంధం లేదు. 1953లో మరణించాక ఆయన మూడవ భార్య ఆయనను ఇక్కడ సమాధి చేయడానికి ఈ ఊరితో ఒప్పందం చేసుకుంది. 1954లో మాక్ చంక్, ఈస్ట్ మాక్ చంక్ బరోలు ఒకటై, ఆయన పేరు పెట్టుకొని, సమాధి కట్టాయి. పర్యాటకులు వస్తారని ఊరి ఆశ. తండ్రి అవశేషాలను ఆయన పుట్టిన ఓక్లహోమాకు తీసుకుపోతామని కుమారులు వేసిన దావాలో 2013లో వారు గెలిచారు, 2014లో పై న్యాయస్థానంలో ఓడారు, 2015లో సుప్రీంకోర్టు విచారణకు తీసుకోలేదు. ఊరు ఆ సమాధిని శ్రద్ధగానే చూసుకుంటున్నది. గడ్డి కత్తిరించి ఉంది, ఎవరో తాజా పూలు ఉంచారు. అయినా ఆ కుమారులు అడిగినది న్యాయమేనని నాకు అనిపించింది. సమాధి చుట్టూ ఓక్లహోమా నుంచి, స్టాక్‌హోమ్ క్రీడాంగణం నుంచి తెచ్చిన మట్టి వేశారని చదివి వినిపిస్తే, అమ్మగారు చెప్పులు విడిచి కాసేపు నిలబడ్డారు.