అంతర సూది, ఛాయ మాత్ర: ఉచిత గర్భనిరోధక సేవ ఎంత పనికొస్తోంది?

కాన్పుకీ కాన్పుకీ ఎడం లేకపోతే తల్లికి ఒంట్లో రక్తం ఉండదు, కూలి పోతుంది, పెద్దపిల్ల బడి మానేసి చంటివాణ్ని ఎత్తుకుంటుంది. జనాభా పెరుగుదల పేదింటికి చేసే నష్టం ఇదే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో బీహార్ స్త్రీకి సగటున ముగ్గురు పిల్లలు. బహుముఖ పేదరికంలోనూ (తిండి, చదువు, ఇల్లు లాంటివన్నీ కలిపి చూసే లెక్క) ఆ రాష్ట్రమే ముందుంది. అలాంటి ఏడు రాష్ట్రాల్లోని 146 జిల్లాలకు మిషన్ పరివార్ వికాస్ అనే కుటుంబ నియంత్రణ పథకం పెట్టి, 2017లో అంతర, ఛాయ అనే ఈ రెండు సాధనాలనూ కేంద్రం తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో సగటు 1.7కి దిగినా, అది ఎక్కువగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల పుణ్యమే. ఆపరేషన్ కాన్పులను ఆపుతుందే తప్ప ఎడం ఇవ్వదు కదా!

అంతర మూడు నెలలకోసారి వేసే సూది. మందు బాగా పనిచేస్తుంది, లోపమంతా చెప్పకుండా వేసెయ్యడంలో ఉంది. మొదటి నెలల్లో నెలసరి గాడి తప్పుతుంది, తర్వాత ఆగిపోవచ్చు కూడా. ఈ మాట ఏఎన్ఎం ముందే చెప్పకపోతే భయపడి రెండో సూదికి రారు. సూది వేసిన చోట రుద్దకూడదు, కాపడం పెట్టకూడదు, అలా చేస్తే మందు త్వరగా కరిగిపోతుంది. గడువు తప్పినా నాలుగు వారాల దాకా వేయించుకోవచ్చు. మళ్లీ గర్భం రావడానికి చివరి సూది నుంచి 7–10 నెలలు పడుతుంది, వెంటనే బిడ్డ కావాలనుకునేవాళ్లకి ఇది కుదరదు.

లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ (సీడీఆర్ఐ)లో పుట్టిన ఛాయలో హార్మోన్ లేదు, పాలిచ్చే తల్లులూ వాడొచ్చు. మాలా-ఎన్ అనే హార్మోన్ మాత్రలా రోజూ వేసుకునేది అనుకోవడంతోనే చిక్కంతా. నెలసరి మొదటి రోజు ఆదివారమైతే ఆ రోజు ఒకటి, బుధవారం ఒకటి, ఇలా మూడు నెలలు. ఆపైన ఆదివారం మాత్రమే. మరిస్తే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని, వచ్చే నెలసరి దాకా నిరోధ్ కూడా వాడాలి. ఏడు రోజులు దాటితే మళ్లీ మొదట్నుంచి వారానికి రెండు. నెలసరి 15 రోజులు ఆలస్యమైతే గర్భ పరీక్ష తప్పదు. పీసీఓఎస్ (అండాశయాల్లో నీటిబుడగల సమస్య), కాలేయ జబ్బు ఉన్నవాళ్లు వాడకూడదు.

రెండింటిలో చంటిబిడ్డ తల్లికి ఛాయే నయం, వారం గుర్తుపెట్టుకోలేనివాళ్లకి అంతర. ఏదైనా, మూడో నెలలో పీహెచ్‌సీకి వచ్చినావిడని స్టాక్ లేదని తిప్పి పంపితే అంతవరకు చేసిందంతా వృథా. ఆ రోజు కూలి వదులుకుని వచ్చిన మనిషి మళ్లీ రాదు. అందుకే ముందు రోజే ఆశాతో ఫోన్ చేయించి, సూది ఉందో లేదో కనుక్కుని బయల్దేరండి.