హెచ్‌ఎంటీ వాచీకి పాత చైన్ బాగుచేయించాలా, కొత్తది కొనాలా?
జపాన్ వాచీల కంపెనీ సిటిజన్ సహకారంతో 1961లో బెంగళూరులో మొదలైన హెచ్‌ఎంటీ వాచీలు ఇంకా చాలా ఇళ్ల బీరువాల్లో ఉన్నాయి. ఆ కాలపు స్టీల్ చైన్లు చాలావరకు పల్చటి రేకు మడిచి చేసినవి. తేలిగ్గా, చేతికి హాయిగా ఉంటాయి. వాచీ నుంచి విప్పి, గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో సందులు రుద్దితే నల్లటి జిడ్డంతా ఊడొస్తుంది. పక్కకు తిప్పి అడ్డంగా పట్టుకున్నప్పుడు విల్లులా వంగిపోతే మాత్రం లింకులు అరిగి సాగాయన్నమాట, ఎంత కడిగినా లాభం లేదు. బంగారు పూత ఉంటే పాలిష్ జోలికే పోవద్దు, పూత లేచిపోతుంది.

కొత్త గట్టి లింకుల చైన్ అంత త్వరగా సాగదు కానీ చిన్న వాచీకి బరువెక్కువ. కొనేముందు చైన్ తగిలించే చోటు వెడల్పు కొలవండి, 18 మిల్లీమీటర్ల సందులో 20ది పట్టదు.

లింకులు బిగువుగా ఉన్నంతకాలం నా ఓటు పాతదానికే. చైన్‌ను వాచీకి పట్టి ఉంచే స్ప్రింగ్ పిన్నులు మాత్రం కొత్తవి వేయించండి, అవి విరిగితే వాచీ నేలపాలే.