ఏసీ గ్యాస్ తాగదు: ఆరేళ్ల తర్వాత మా కాపర్ పైపు కథ

ఏసీ ఏ కంపెనీదో, ఎన్ని స్టార్లో రాయను. అవన్నీ షాపువాడే చెప్తాడు. ఇన్‌డోర్‌కీ అవుట్‌డోర్‌కీ మధ్య నడిచే రెండు కాపర్ పైపులున్నాయి చూశారూ, నా గోలంతా వాటి గురించే.

2019 ఏప్రిల్‌లో వైజాగ్ లాసన్స్‌బే కాలనీలో మా పడగ్గదికి టన్నున్నర స్ప్లిట్ పెట్టించాం. ఇద్దరు కుర్రాళ్లొచ్చి నలభై నిమిషాల్లో బిగించేసి వెళ్లిపోయారు. గోడ మీద చిన్న మరక కూడా లేదు. ఆ సంబరంలో తెలిసినవాళ్లందరికీ వాళ్ల నంబరు పంచిపెట్టాను. ఆ నలభై నిమిషాల సంగతికి మళ్లీ వస్తాను.

2020 జూన్‌కల్లా గది చల్లబడడం మానేసింది. వచ్చిన మెకానిక్ "గ్యాస్ లీకయిపోనాది సార్" అన్నాడు. ఆ ఏడాది మే 7న ఎల్జీ పాలిమర్స్‌లో విషవాయువు లీకయ్యాక మన ఊళ్లో ఆ మాట వింటే గుండె ఎలా జారేదో చెప్పక్కర్లేదు. అమ్మ వారం రోజులు హాల్లోనే పడుకుంది. ఇది ఆ గ్యాస్ కాదమ్మా అంటే వినదే. ఎక్కడ లీకో వెతక్కుండానే అతను నింపాడు. మూడు వేలు. 2021లో మళ్లీ అదే. "సముద్రం పక్క కదా సార్, ఏడాదికోసారి తప్పదు" అన్నాడు. బండికి పెట్రోలు పోయించినట్టు నేనూ అలవాటు పడిపోయాను.

2022 ఏప్రిల్‌లో అతను దొరక్కపోతే అనకాపల్లి వైపు పెద్దాయన ఒకాయన వచ్చాడు. సంచీ కింద పెట్టకుండానే, "ఏసీ గేసు తాగేస్తాదేటి బాబూ? కారితేనే పోతాది" అన్నాడు. నిజమే కదా! ఉన్న గ్యాసే లోపల తిరుగుతుంటుంది, అరిగేది కాదు. మా పాత విండో ఏసీ హుద్‌హుద్ తుఫాను వానకి నిలువునా తడిసి కూడా పదకొండేళ్లలో ఒక్కసారీ గ్యాస్ అడగలేదు. దాని పైపులు ఫ్యాక్టరీలోనే అతికి మూసేస్తారు. స్ప్లిట్‌కి ఆ అతుకులు మనింట్లో, మన కుర్రాళ్ల చేతుల్లో పడతాయి.

అవుట్‌డోర్ నట్లకి సబ్బు నురగ పూశాడు, ఏమీ లేదు. పైపు ఎటు నుంచి వెళ్లిందని అడిగి, ఫాల్స్ సీలింగ్‌లో పలకంత ముక్క కోయించాడు. టేపు విప్పితే బయటపడింది భాగోతం. కిట్‌లో వచ్చిన పైపు మూడు మీటర్లు, మాకు కావలసింది ఐదు. ఇంకో రెండు మీటర్ల ముక్కని మధ్యలో యూనియన్ అనే నట్ల జాయింటు పెట్టి కలిపి, పైన దాచేశారు. నట్టు చుట్టూ నల్లటి జిడ్డు, దాని మీద దుమ్ము ముద్దకట్టి ఉంది. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా కొంచెం కొంచెం బయటికొస్తుందట. గ్యాస్ కనపడదు గానీ జిడ్డు కనపడుతుంది. నురగ పెట్టగానే ఆవగింజంత బుడగలు ఒకదాని వెనక ఒకటి. నట్టు విప్పితే పైపు మూతి వంకర, ఒక పక్క సన్నటి చీలిక. "బ్లేడెట్టి కోసేసినారు బాబూ" అన్నాడు.

ఐదు మీటర్లూ ఒకటే పైపు వేశాడు. కట్టర్ తిప్పి కోశాడు. రజను లోపల పడకుండా మూతి నేలవైపు పెట్టి గరుకు గీకాడు. నట్టు ముందే ఎక్కించి మూతిని గరాటులా ఫ్లేర్ చేసి, దాని మీద ఒక చుక్క నూనె వేశాడు. ముందు చేత్తో, తర్వాత రెండు పానాలతో బిగించాడు. ఆపైన పైపులో గాలీ తేమా లాగేసే వ్యాక్యూమ్ పంపు, అరగంట! నలభై నిమిషాల గుట్టు నాకప్పుడు తెలిసింది. ఆ కుర్రాళ్లు అసలు పంపే తేలేదు. అవుట్‌డోర్‌లోని గ్యాస్ కాస్త వదిలి పైపులో గాలిని తోసేశారంతే. మన వైజాగ్ గాలిలో తేమ ఎంతో మే నెలలో చొక్కా తొడుక్కున్న ఎవరికైనా తెలుసు. అది నూనెలో కలిస్తే ఆమ్లం పుట్టి కంప్రెసర్‌ని తింటుంది. అన్నట్టు అమ్మ భయం మరీ వెర్రిదేం కాదు, మా ఏసీలోని గ్యాస్ ఆర్‌32కి కొద్దిగా మంటపట్టే గుణం ఉంది.

పైపు, మజూరీ, గ్యాస్ కలిపి తొమ్మిది వేలైంది. నాలుగు వేసవులు గడిచాయి, మళ్లీ గ్యాస్ మాట లేదు.

అలాగని పెద్దాయన పనికి వంక లేదనను. ఐదేళ్లు చూసుకోనక్కర్లేదన్న టేపు రెండేళ్లకే ఎండకి పెళుసై రాలిపోయింది. చిరిగిన చోట పైపుకి చెమటపట్టి కింది ఫ్లాట్ వాళ్లు ఆరేసిన బట్టల మీద చుక్కలు పడ్డాయి. మాటలూ పడ్డాయి. అవుట్‌డోర్ రేకుల్ని ఉప్పుగాలి కొరికేస్తూనే ఉంది. రేపు అక్కడ కారితే ఈ పైపు చేసేదేమీ లేదు. పైగా మాది సొంత ఫ్లాటు కాబట్టి సీలింగ్ కోయించాం, అద్దె ఇంట్లో ఓనరు ఒప్పుకోవాలిగా. మధురవాడలో మా బావగారికి ఆ కుర్రాళ్లే బిగించిన ఏసీ ఇప్పటికీ చల్లగానే ఉంది. వాళ్ల అవుట్‌డోర్ గోడకి అవతలే, మూడు మీటర్లు సరిపోయింది, మధ్యలో అతుకు లేదు.

ఈ ఏడాది అమ్మ గదికి ఇంకోటి కొన్నాం. పెద్దాయన నిచ్చెన ఎక్కడం మానేశాడట, కొడుకుని పంపాడు. పంపు తెచ్చాడు గానీ పదిహేను నిమిషాలకే స్విచ్ మీద చెయ్యి వేశాడు. గోడ గడియారం చూపించి, టీ తాగుదువుగాని కూర్చో బాబూ అన్నాను.